పాత స్పీకరు

సికిందరాబాదులో ఒక చర్చి గాయకబృందమునకు ముప్పది యేండ్లకు పైగా గిటారు వాయించుచున్న మాస్టారొకరు కలరు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన పిదప, ఆదివారపు మధ్యాహ్నములందు పిల్లలకు గిటారు నేర్పుట ఆయనకు వ్యాపకమయ్యెను. వారి ముందుగదిలో ఒక మూల నల్లని తొడుగు వేసిన చెక్కపెట్టె యొకటి యుండెడిది. అదియే వారి యాంప్లిఫైయరు. వాల్వులతో పనిచేయు పాతకాలపు యంత్రము. దానిలో పండ్రెండంగుళముల స్పీకరు ఒక్కటే యుండెను.

రెండేండ్లుగా ఆ పెట్టె పలుకు మాస్టారికి తృప్తి నీయకుండెను. పిక్కు తీగను తాకినపుడు పుట్టెడి తళుకు, వ్రేలు తీగపై జాఱునపుడు వినవచ్చు సన్నని సవ్వడి, ఇవి యెచటికో పోయినవి. పెట్టెపై నెవరో దుప్పటి కప్పినట్లున్నదని వారు పలుమాఱులు అనుకొనిరి. తీగలు మార్చిరి. కేబులు మార్చిరి. వాల్వులు కూడ మార్పించిరి. ట్రెబులు నాబును తుదివఱకు త్రిప్పినను కొఱత తీఱలేదు. ఇక మిగిలినది స్పీకరే. అనుమానమునకు ఆధారము లేకపోలేదు. వెనుకనుండి దీపము పెట్టి చూడగా కాగితపు కోను అంచున గోరంత చినుగు కనబడెను. దొంగ దొరకినాడని మాస్టారు సంతసించిరి.

గిటారు యాంప్లిఫైయరునందు స్పీకరు వాద్యములో సగమని చెప్పవచ్చును. దాని నిర్మాణము కష్టమైనది కాదు. అయస్కాంతపు ఇఱుకు సందులో సన్నని తీగచుట్ట యొకటి, దానికి అంటించిన కాగితపు గరాటు ఒకటి. విద్యుత్తు ప్రవహింపగా చుట్ట ముందు వెనుకల కూగును. చుట్టతో కాగితము, కాగితముతో గాలి కదలును. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతియే నేటికిని ముఖ్యముగా వాడుకలో నున్నది. ఇంట పాటలు వినుటకు చేసిన స్పీకరు తనకు వచ్చినదానిని వచ్చినట్లే వినిపింపవలెను. గిటారు స్పీకరు అట్టిది కాదు. సుమారు 5,000 హెర్ట్జులు దాటిన ధ్వనులను అది చాలవఱకు విడిచివేయును. అంతకు దిగువ నున్న కొన్నిటిని తన యిష్టముకొలది హెచ్చించి పలుకును. కాగితపు మందము, అంచునకు పూసిన జిగురు, అయస్కాంతపు బలము, వీనిలో నేది మాఱినను పలుకు మాఱును. మృదంగపు కరణిలో పిసరంత హెచ్చుతగ్గైనను విద్వాంసుడు మొగము చిట్లించును గదా! ఇదియు నట్టిదే.

చినిగిన కోనుకు కీర్తి వచ్చిన కథ కూడ లేకపోలేదు. ఇంగ్లండులో కింక్స్ అను బృందమునకు చెందిన డేవ్ డేవీస్ అను యువకుడు తన చిన్న యాంప్లిఫైయరు కోనును బ్లేడుతో చీల్చి, ఆ గరగర నాదముతోనే 1964లో ఒక పాట వాయించి లోకప్రసిద్ధుడయ్యెను. కాని భక్తిగీతములకు గరగర యేల? మాస్టారు పింఛనులో మిగిల్చిన సొమ్ము వెచ్చించి క్రొత్త స్పీకరు తెప్పించిరి.

మార్చునాడు వారికి తోడుగా నిలిచినవాడు పదునాలుగేండ్ల శిష్యుడు. వానికి మీటరు చేతికిచ్చి మాస్టారు కొలువుమనిరి.

“దీనిమీద 8 ఓములని వ్రాసియున్నది. మీటరు ఆఱున్నరయే చూపుచున్నది. దుకాణదారుడు మోసగించెనా, మాస్టారూ?” అని బాలుడడిగెను.

“లేదు బాబూ. మీటరు తీగయొక్క నిరోధమును మాత్రమే కొలుచును. పాట పాడునపుడు వచ్చునది అటునిటు మాఱు విద్యుత్తు. దానికి చుట్ట చూపెడి అడ్డగింపు మఱికొంత హెచ్చు. ఆ లెక్కయే 8.”

వాల్వు యాంప్లిఫైయరులో ప్లగ్గు తీసిన పిదపకూడ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ప్రాణాపాయము కలిగింపవచ్చును. కావున మాస్టారు పైభాగము జోలికి పోక, స్పీకరునకు వచ్చు రెండు తీగలను మాత్రమే విప్పిరి. బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపించిరి. లేనిచో చట్రము వంకరపోవును. పని అరగంటలో ముగిసెను.

మొదటి తీగను మీటగానే మాస్టారి కన్నులు మెఱసినవి. “ఇదియే, బాబూ! నా పాత నాదము మఱల వచ్చినది. ఎట్లున్నది?”

బాలుని మెడ కొంచెము ముడుచుకొనెను. “బాగున్నదండీ” అనెను.

పెద్దలు సంతోషముగా నున్నపుడు పిల్లలిచ్చు జవాబులలో సగము ఇట్టివే. అవి అబద్ధములని శిక్షించుటకు బడిలో ఎవరికిని చేతులు రావు.

తరువాతి ఆదివారము చర్చిలో రెండవ పాట నడుచుచుండగా, ముందు బల్లపై కూర్చుండు ఒక వృద్ధురాలు లేచి, మెల్లగా నడచుకొనుచు వెనుక వరుసకు పోయెను. మాస్టారు గీతపుస్తకము చూచుచుండుటచే గమనింపలేదు. బాలుడు చూచెను. ఆ సాయంకాలము వాడు పాఠము ముగిసినను ఇంటికి కదలక నిలిచెను.

“మాస్టారూ, క్రొత్త స్పీకరు చెవులలో గుచ్చుకొనుచున్నది. మొన్న నేను బాగున్నదంటిని. అది నిజము కాదు.”

మాస్టారు కోపింపలేదు; నమ్మనూలేదు. “నీవు స్పీకరునకు ఎదురుగా కూర్చుందువు. సన్నని ధ్వనులు తిన్నగా ముందునకే పోవును. ప్రక్కన నిలిచిన నాకవి తక్కువగా వినబడును. అంతియే” అనిరి. మాట సత్యమే. పండ్రెండంగుళముల స్పీకరు నెదుట నొక నాదము, ప్రక్కన వేఱొక నాదము. ఇద్దఱును స్థానములు మార్చుకొని వినిరి. బాలునికి ప్రక్కనను గుచ్చుకొనెను. మాస్టారికి ఎదుటను హాయిగా నుండెను.

అపుడు మాస్టారికి మఱియొక సంగతి తోచెను. పాత స్పీకరు సామర్థ్యము 97 డెసిబెళ్లు, క్రొత్తదానిది 100. మూడు డెసిబెళ్లు స్వల్పముగా కనబడును గాని, యాంప్లిఫైయరు శక్తిని రెట్టింపు చేసినంత పని. బిగ్గఱగా పలుకునది చెవికి మేలైనదిగా తోచుట మానవస్వభావము. ధ్వని తగ్గినకొలది చెవి మందరస్వరములను ఎక్కువగా పోగొట్టుకొనునని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. కావున రెండు స్పీకర్లను సమానమైన బిగ్గఱతనమున వినినగాని తీర్పు చెల్లదు. అంగడిలో నిలిచి ఒక్క మీటుతో “ఆహా” అనువారు ఈ సంగతి నెఱుగరు.

పరీక్ష కేర్పాటయ్యెను. పాత స్పీకరును వేఱొక పెట్టెలో బిగించిరి. ఫోనులోని ధ్వనికొలతతో రెండింటిని సరితూచిరి. బాలుని అక్క వచ్చి, తనకు తోచిన వరుసలో స్పీకర్లను మార్చుచుండెను. స్పీకరు తగిలింపని వాల్వు యాంప్లిఫైయరు చెడిపోవును గనుక, మార్చిన ప్రతిసారి యంత్రము నాపి మఱల నడుపవలసి వచ్చెను. మొదట బాలుడు గోడవైపు తిరిగి కూర్చుండెను. మాస్టారు ఒకే వరుసను పదిమాఱులు వాయించిరి. వాడు పదింటికి పదియు సరిగా చెప్పెను. పిదప మాస్టారు గోడవైపు తిరిగిరి. బాలుడు వాయించెను.

“క్రొత్తది... పాతది... ఇది క్రొత్తది... కాదు, ఉండుము. మఱల వాయింపుము.”

పదింటిలో అయిదు సరిపోయినవి. నాణెము ఎగురవేసి చెప్పినను అయిదు సరిపోయియుండును.

అక్కాతమ్ములు మాటాడలేదు. మాస్టారు గోడవైపుననే కొంతసేపు కూర్చుండిరి. పిమ్మట తిరిగి చూడకయే, “ఈ రెండేండ్లును నా గిటారు ఎట్లు పలికినది?” అని యడిగిరి.

“ట్రెబులు నాబు తుదివఱకు పోయిన నాటినుండియు కొంచెము గుచ్చుకొనుచునే యున్నది, మాస్టారూ.”

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అను సామెత కలదు. మాస్టారి విషయమున అది పూర్తిగా సరిపడదు. వారికి వ్రేళ్లు చక్కగానే ఆడుచున్నవి. చెవిలో శబ్దమును పట్టెడి సూక్ష్మమైన రోమకణములు కలవు. లోపలి చెవి మొదట నున్నవి తారధ్వనులను గ్రహించును. వయసుచేతను, ఏండ్లతరబడి డ్రమ్ముల ప్రక్కన నిలుచుటచేతను ముందు నశించునవి సాధారణముగా అవియే. నశించినవి మఱల మొలవవు. వారము గడచిన పిమ్మట వైద్యుడు గీసియిచ్చిన రేఖాపటములో గీత 1,000 హెర్ట్జులవఱకు సమముగా నడచి, 4,000 వద్ద మెట్లు తప్పినవానివలె క్రిందికి దిగెను. ఈకాలపు పిల్లలు మాటలు మ్రింగుచున్నారని మాస్టారు తఱచు విసుగుకొనెడివారు. ఆ విసుగునకు కారణముకూడ ఆ కాగితముననే దొరకెను.

పాత స్పీకరు చినుగునకు పలుచని కాగితము, ఆఱిన పిదపకూడ మెత్తగా నుండెడి జిగురు చాలినవి. క్రొత్తదానిని దాని పెట్టెలోనే భద్రపఱచి బాలుని చేతికిచ్చి, “నీవు యాంప్లిఫైయరు కొనినపుడు దీనిని బిగించుకొనుము” అనిరి. పిమ్మట శిష్యుని చర్చిలోని వెనుక బల్లపై కూర్చుండబెట్టి తాము వాయించుచు, వాడు చేయి యెత్తువఱకు ట్రెబులు నాబును తగ్గించుచు పోయిరి. వాడు చేయి యెత్తినచోట సుద్దముక్కతో గీత పెట్టిరి. సగముకంటె దిగువ.

మఱుసటి ఆదివారము మొదటి పాట మొదలయ్యెను. వృద్ధురాలు ముందు బల్లపైననే యుండెను. మాస్టారి చెవులకు ఆ నాదము రెండు దుప్పట్లు కప్పినట్లుండెను. పల్లవి ముగియునపుడు వారి కుడిచేయి అలవాటున నాబు దగ్గఱకు పోయెను. వెనుక వరుసలోని బాలుడు తల యెత్తి చూచెను. చేయి గీతను తాకక వెనుకకు వచ్చి, తీగలపై నిలిచెను. చరణము అందుకొనిరి.