దేవుడు కట్టిన గట్టు

కొన్ని సంవత్సరాల క్రితం భూగర్భశాస్త్ర చరిత్రకు సంబంధించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ మాట ‘అల్లా బంద్’. మన హైదరాబాదు ట్యాంక్ బండ్‌లోని ‘బండ్’ కూడా అదే మాట. పారశీకం నుంచి వచ్చి, ‘కట్ట’ అనే అర్థంలో దేశమంతటా స్థిరపడినది. కనుక అనువాదం కష్టం కాలేదు. ‘దేవుడు కట్టిన గట్టు’ అని రాశాను. కాని ఆ గట్టు పొడవు దాదాపు 80 కిలోమీటర్లనీ, ఒక్క సాయంత్రం భూమి కంపించినప్పుడు అది నేలలో నుంచి పైకి లేచినదనీ చదివినప్పుడు, మాటకు మాట దొరికినంత మాత్రాన అర్థం దొరికినట్లు కాదనిపించింది. ఆ నేలను కళ్ళారా చూడాలనే కోరిక నాకు అప్పుడు కలిగింది.

ఆ కోరిక ఒక శీతకాలంలో నన్ను కచ్ జిల్లాకు తీసుకుపోయింది. గుజరాత్ రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న ప్రాంతమిది. ఉత్తరాన రణ్ అనే అపారమైన ఉప్పు మైదానం. దానికి ఆవల పాకిస్తాన్‌లోని సింధ్. జిల్లా ముఖ్యపట్టణం భుజ్. ఊరి అంచున భుజియా కొండ, కొండ మీద 18వ శతాబ్దపు కోట, కోటలో భుజంగనాగుని గుడి ఉన్నాయి. ఊరికి ఆ పేరు ఈ నాగుని వల్లనే వచ్చినదని అక్కడివారు చెబుతారు. ఆదిశేషుడు తల మార్చుకున్నప్పుడు భూమి కదులుతుందని అమ్మమ్మల నోట విన్న తెలుగువారికి, భూకంపాల ఊరిని ఒక సర్పం కాపలా కాయడం వింతగా తోచదు.

ఆ కొండ మీదనే 2022లో ‘స్మృతివన్’ అనే స్మారకవనం వెలసింది. వాననీటిని నిలిపే చిన్న చిన్న జలాశయాలు, వాటి పక్కన 2001 భూకంపంలో మరణించినవారి పేర్లు. ఒక ఇంటివారివేనని తోచే పేర్లు వరుసగా కనిపించిన చోటల్లా అడుగు ముందుకు పడలేదు.

2001 జనవరి 26. దేశమంతా గణతంత్ర దినోత్సవం జరుపుకొంటున్నది. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భచావ్ పట్టణ పరిసరాలు కేంద్రంగా 7.7 తీవ్రతతో భూమి కంపించింది. అంజార్ పట్టణంలో ఇరుకు వీధి గుండా జెండాలు పట్టుకొని ఊరేగింపుగా సాగుతున్న బడిపిల్లలపై రెండు వైపుల ఇళ్ళూ కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు మరణించారు. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అహమ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల భవనాలు నేలమట్టమైనాయి. మృతుల సంఖ్య ప్రభుత్వ లెక్కల ప్రకారం 13,800 వరకు, ఇతర అంచనాల ప్రకారం 20 వేల వరకు ఉన్నది. గాయపడినవారు లక్షా అరవై వేలకు పైగానే.

నేను దిగిన వసతిగృహం యజమాని తండ్రి అంజార్‌లో పుట్టి పెరిగిన వృద్ధుడు. వయస్సు డెబ్బై అయిదు దాటింది. సాయంత్రం వరండాలో టీ తాగుతూ, స్మృతివనం చూసి వచ్చానని చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు.

“నేను రెండు ధరతీకంప్‌లు చూశాను, బెన్,” అన్నారు చివరకు. ధరతీకంప్ అంటే భూకంపం. “1956 జులైలో వచ్చినప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా ఇల్లు కూలింది. మా నాన్న పడిన రాళ్ళన్నీ ఏరి, ఆ రాళ్ళతోనే, అదే మట్టితో, అదే చోట మళ్ళీ గోడ కట్టాడు. 2001లో పడినది ఆ గోడే.”

1956 జులై 21 నాటి ఆ భూకంపంలో అంజార్ ప్రాంతంలో 115 మంది చనిపోయారు. రెండింటి మధ్య దూరం నలభై అయిదేళ్ళు మాత్రమే. ఒక మనిషి జ్ఞాపకంలో సులభంగా ఇమిడే కాలం.

“మీ వైపు వస్తుందా?” అని ఆయన అడిగారు. రాదని చెప్పబోయి ఆగాను. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో భూమి కంపించినప్పుడు ఉట్టి ఊగి పాలకుండ పగిలిన సంగతి మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మేమందరం దానిని ఒక వేడుక కథగానే విన్నాము. గోదావరికి చేరువలో, మట్టి అడుసుతో కట్టిన ఆ రాతి గోడల ఇల్లు ఇప్పటికీ ఉన్నది. దాని మీద ఒక అంతస్తు వేయాలని మా తమ్ముడు ఆ ఏడాదే తలపెట్టాడు. ఈ సంగతి మాత్రం ఆ పెద్దాయనకు చెప్పలేకపోయాను.

మరునాడు లఖ్‌పత్‌కు ప్రయాణం. భుజ్ నుంచి పడమటగా దాదాపు 135 కిలోమీటర్లు. దారి పొడవునా తుమ్మపొదలు, ఒంటెల మందలు, దుమ్ము. చివరకు ఎడారిలో ఏడు కిలోమీటర్ల పొడవైన ప్రాకారం హఠాత్తుగా ఎదురవుతుంది. లోపల గురునానక్ స్మృతిని నిలుపుకొన్న గురుద్వారా, కొన్ని సమాధులు, కొద్దిపాటి ఇళ్ళు, మిగిలినదంతా శూన్యం. ఇది ఒకప్పుడు రేవుపట్టణం. కచ్ సంస్థానపు నాణెమైన కోరీలలో రోజుకు లక్ష ఆదాయం వచ్చేదనీ, అందుకే ఆ పేరు వచ్చినదనీ ప్రతీతి.

గోడ ఎక్కి ఉత్తరదిక్కుగా చూశాను. దృష్టి ఆనినంత మేర తెల్లని రణ్. ఆ మైదానం లోపల, సరిహద్దు ప్రాంతంలో, సామాన్య యాత్రికులకు ప్రవేశం లేని చోట, నన్ను ఇంత దూరం రప్పించిన అల్లా బంద్ ఉన్నది. కనిపించదని తెలిసి కూడా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

1819 జూన్ 16 సాయంత్రం వచ్చిన భూకంపంలో వేయిమందికి పైగా మరణించారు. అహమ్మదాబాదు జుమ్మా మసీదు మినార్లు కూలినవి అప్పుడే. రణ్‌లో సింధునది పాయ ఒడ్డున సింద్రి అనే చిన్న కోట ఉండేది. దాని చుట్టూ నేల కుంగి, సముద్రపు నీరు ముంచెత్తింది. కోటలోనివారు మిగిలిన ఒక బురుజు ఎక్కి ప్రాణాలు నిలుపుకొని, తరువాత పడవలలో బయటపడ్డారు. అక్కడ నేల కుంగినప్పుడే ఉత్తరాన నేల లేచి గట్టుగా నిలిచింది. అత్యధికంగా 6 మీటర్ల ఎత్తు. అంతకుముందు నదికి అడ్డంగా మనుష్యులు కట్టిన కట్టలు ఉండేవి కనుక, మనుష్యుడు కట్టని ఈ కట్టకు ప్రజలు ‘అల్లా బంద్’ అని పేరు పెట్టారు. 1826లో సింధునదికి వరద వచ్చి, గట్టును కోసుకొని దారి చేసుకున్నది. అయినా లఖ్‌పత్ దశ తిరగలేదు. నది ముఖం తిప్పుకొన్న రేవులో వర్తకులు నిలువలేదు.

అలెగ్జాండర్ బర్న్స్ అనే బ్రిటిష్ సైనికోద్యోగి ఆ తరువాతి సంవత్సరాలలో అక్కడికి వెళ్ళి, చూసినది రాసిపెట్టాడు. 1830లో వెలువడనారంభించిన చార్లెస్ లయల్ భూగర్భశాస్త్ర గ్రంథం ద్వారా సింద్రి పేరు ప్రపంచానికి తెలిసింది. నేల లేవడం, కుంగడం పురాతన యుగాల మాట కాదు, మన కళ్ళ ముందే జరుగుతుందని చెప్పడానికి కచ్ ఒక సాక్ష్యమైంది. భూఖండాల అంచు ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయినా కోట్ల సంవత్సరాల క్రితం భూఖండాలు విడిపోయిన కాలంలో ఏర్పడిన పగుళ్ళు ఈ నేల అడుగున ఉండిపోయాయి. ఉత్తరంగా జరుగుతున్న మన ఉపఖండపు ఒత్తిడికి అవి ఉండి ఉండి కదులుతాయి. 2001లో కదిలిన పగులు పైకి కనిపించనే లేదు.

తిరుగుప్రయాణంలో రణ్ అంచున ఉన్న బన్నీ ప్రాంతంలో ఆగాను. అక్కడి ఇళ్ళను భుంగాలంటారు. గుండ్రని మట్టిగోడ, పైన గొడుగు వంటి గడ్డికప్పు, చిన్న కిటికీలు. లోపలి గోడల మీద మట్టితో తీర్చిన లతలు, వాటిలో పొదిగిన అద్దపు ముక్కలు. చూడముచ్చటగా ఉన్నాయని యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు. కాని వాటి గొప్పతనం అందంలో లేదు. గుండ్రని గోడకు మూలలుండవు. ఊపు వచ్చినప్పుడు చీలడం మొదలయ్యేది మూలల దగ్గరనే. కప్పు తేలిక; ఒకవేళ పడినా ప్రాణం తీయదు. 2001లో రాతి ఇళ్ళు కుప్పకూలిన చోట, చక్కగా కట్టిన భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. 1819 తరువాతనే ఈ పద్ధతి వచ్చినదని అక్కడ చెప్పుకుంటారు.

అంటే జ్ఞానం అక్కడే, వాకిట్లోనే ఉన్నది. పుస్తకాలలో కూడా ఉన్నది. భూకంపాలను తట్టుకొనే నిర్మాణాలకు మన దేశపు ప్రామాణిక నియమావళి 1962లోనే వెలువడింది. 2001 నాటికి కచ్ అత్యంత ప్రమాదకరమైన అయిదవ మండలంలో ఉన్నది. పటానికి తెలిసిన సంగతి గోడకు తెలియలేదు.

2001 తరువాత మాత్రం తెలియజేశారు. ఇల్లు కట్టుకొనేవారికి సహాయం విడతలుగా ఇచ్చి, పని సక్రమంగా ఉన్నదని ఇంజనీరు చూసిన మీదటనే తరువాతి విడత విడుదల చేశారు. తాపీమేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. పునాది మీద, కిటికీల పైన, కప్పు కింద ఇంటి చుట్టూ ఇనుప కడ్డీల కాంక్రీటు పట్టీ వేయడం వాడుకలోకి వచ్చింది. కూలిన భుజ్ ఆసుపత్రి స్థానంలో, నేల ఊపు పైకి రాకుండా రబ్బరు, సీసపు దిమ్మెల మీద నిలిపిన కొత్త ఆసుపత్రిని 2004లో ప్రారంభించారు.

బయలుదేరే ముందు ఆ పెద్దాయన తన కొత్త ఇల్లు చూపించారు. గోడకు సున్నం వేసినా, కిటికీ పైన పట్టీ ఉన్న చోట వేలితో గీత గీసి, “ఇదుగో, ఇక్కడున్నది. కనిపించదు. మనుమలకు చూపిస్తుంటాను, మరచిపోతారని,” అన్నారు.

ఆ రాత్రి రైలులో నుంచే తమ్ముడికి ఫోను చేశాను. అంతస్తు మాట తరువాత, ముందు ఒక ఇంజనీరును పిలిచి గోడలు చూపించమన్నాను. “మన ఊరికి భూకంపం ఏమిటక్కా?” అని వాడు నవ్వాడు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో వేలమంది నిద్రలోనే పోయారనీ, దక్కను నేలకు చలనం లేదని వారూ అనుకున్నారనీ చెప్పాను. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలే వారి మీద పడ్డాయని కూడా చెప్పాను. వాడు నవ్వడం మానాడు. అంతస్తు ఆగింది; పాత గోడలకు పట్టీ వేయించే పని మొదలైంది.

నా పాత అనువాదంలో దిద్దవలసినదేమీ కనిపించలేదు. గట్టు దేవుడు కట్టినదే. గోడలు మాత్రం మనం కట్టుకున్నవి.