రాస్తా మూసుకుపోయిన యాద్

"కౌన్ బేటా తుమ్?" అంది అమ్మీ, చాయ్ కప్పు అందుకుంటూ. రోజూ ఆమెకు ఇమ్తిహాన్ పెట్టేవాణ్ని. నా పేరేంటి, అబ్బా పేరేంటి? చెప్పలేక తల వంచుకునేది. యాదులన్నీ ఖతమ్ అనుకున్నాను.

2015లో అమెరికాలోని ఎంఐటీలో సుసుము తొనెగావా బృందం ఎలుకలతో చేసిన ప్రయోగం గురించి చదివాను. ఒక పెట్టెలో ఎలుకకు కరెంటు షాక్ ఇచ్చారు. వెంటనే, ఆ యాద్ గట్టిపడకుండా మెదడులో ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. మర్నాడు అదే పెట్టెలో ఎలుకకు ఖౌఫ్ బాగా తగ్గిపోయింది. కానీ షాక్ వేళ పనిచేసిన కణాలకు గుర్తు పెట్టి ఉంచారు. హిప్పోకాంపస్‌లోని ఆ కణాల మీద నీలి వెలుగు వేయగానే ఎలుక భయంతో బిగుసుకుపోయింది. యాద్ చెరిగిపోలేదు, దాని దగ్గరికి వెళ్లే రాస్తా మూసుకుపోయిందంతే. 2016లో అల్జీమర్స్ తొలి దశ ఎలుకల్లోనూ ఇలాగే తేలింది.

ఆ కణాలు వెలుగుకు స్పందించేలా ముందే మార్చినవి. ఎలుక దిమాగ్ వేరు, ఇన్సాన్ దిమాగ్ వేరు. అమ్మీకి అది షిఫా కాదు. నాకు మాత్రం సబక్.

ఇప్పుడు ఇమ్తిహాన్లు బంద్. "మై తుమారా బడా బేటా, అమ్మీ" అని నేనే చెప్పి పక్కన కూచుంటాను. ఎవరినైనా ఆమె బేటా అనే అంటుందేమో. అయినా ఆ సవాల్‌లో ఆ మాట ఉందని ఇన్నాళ్లూ నేనే వినలేదు.