మూడు పీకులు

జనాన్ని తమవైపు లాక్కోవాలనుకునే ఇంగ్లీషు ప్రకటనల్లో 'పీక్ యువర్ ఇంటరెస్ట్' అన్న మాట తరచు కనిపిస్తుంది. తెలుగు లిపిలో రాసినంతసేపూ దీంతో పేచీ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగగానే పీకులు మూడవుతాయి. పీ, ఈ, ఏ, కే అని రాస్తే కొండ శిఖరం. మధ్యలో రెండు ఈలు పెడితే తొంగిచూడటం. మన సినిమావాళ్ళు విడుదలకు ముందు వదిలే స్నీక్ పీక్ అదే. ఆసక్తి రేపడానికి కావలసింది మూడోది: పీ, ఐ, క్యూ, యూ, ఈ. గుచ్చడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ 'పికే' దీనికి మూలం. నాలుకను చురుక్కుమనిపించే రుచిని పికెంట్ అనడమూ, అహం దెబ్బతింటే వచ్చే కినుకను పీక్ అనడమూ ఆ ముల్లు చలవే.

ఆసక్తిని శిఖరానికి చేరుస్తుందని రాసుకుంటే తప్పేమిటని అడగొచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. శిఖరమంటే ఆపైన ఎక్కడానికేమీ మిగలని చోటు. పోస్టరు చూసినరోజే ఆసక్తి అక్కడికి చేరితే విడుదలనాటికి దిగడమే మిగులుతుంది. పైగా ఆ క్రియ మామూలుగా అకర్మకం: జ్వరమైనా ధరలైనా వాటంతట అవే శిఖరానికి చేరతాయి. గుచ్చడానికైతే గుచ్చేదీ, గుచ్చించుకునేదీ రెండూ ఉండాలి. స్పెల్లింగు దిద్దే సాఫ్ట్‌వేర్ మీద భారం వేయడమూ కష్టమే. మూడూ నిఘంటువులో ఉన్న మాటలే కనుక అది చాలాసార్లు ఊరుకుంటుంది. (ఆకలి 'వెట్' చేయడమూ ఈ బాపతే. అది సానపట్టడం, నోరూరుతుంది కదా అని చాలామంది తడిపేస్తారు.)

చెవికి మూడూ ఒకటే, సందర్భాన్నిబట్టి తెలిసిపోదా అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. తెలుస్తుంది. 'అర్థం' రాయవలసినచోట 'అర్ధం' అని రాసినా మనం సర్దుకుపోతున్నాం. లోపల చుక్క ఉంటే భావం, లేకపోతే సగం. 'రేపు' సంగతి ఇంకా విచిత్రం. సినిమా రేపు, ఆసక్తి రేపు: రెంటికీ ఒకటే రాత, అయినా ఎవరూ తికమకపడరు. కానీ తెలుగు అక్కడ రెండో రాత ఇవ్వలేదు. పాఠకుడి కన్ను వాక్యంలో చోటునుబట్టి పోల్చుకుంటుంది. ఇంగ్లీషు మూడు రాతలిచ్చింది, కాబట్టి తెలిసిన పాఠకుడికి ముందు కొండే కనబడుతుంది. విషయంలోకి రావలసినవాడు స్పెల్లింగు దగ్గర ఆగిపోతాడు. వాడుక బలిసి నిఘంటువులు ఆ కొండనే ఒప్పుకునే రోజు రావచ్చు, భాషలో అదేమీ వింత కాదు. ఈలోగా క్యూ ఎక్కడ పెట్టాలో అనుమానమొస్తే 'ఎరౌజ్' అని రాసుకోవచ్చు, ముల్లు లేకపోయినా పని జరుగుతుంది.