తూటా పొడవు మారితే తుపాకీ మారుతుంది: అనంతపురం ఓపెన్ హౌస్‌లో ఎస్సెల్లార్

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా బలగాల కాల్పుల్లో ప్రాణాలు విడిచిన పోలీసుల స్మృతికి దేశమంతటా ఏటా సంస్మరణ దినం పాటిస్తారు. ఆ సందర్భంలో జిల్లా కేంద్రాల్లో ‘ఓపెన్ హౌస్’ పేరిట ఆయుధ ప్రదర్శనలు కూడా ఏర్పాటు చేస్తుంటారు. వేరుశనగ పీకే రోజుల్లో అనంతపురంలో జరిగే అలాంటి ప్రదర్శనకు వచ్చే విద్యార్థులకు, మామూలుగా ఆయుధాగారం దాటి బయట కనిపించని తుపాకులను దగ్గరగా చూసే అవకాశం దొరుకుతుంది. వాటిలో పోలీసులు ఎస్సెల్లార్ అని పిలిచే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఎక్కువ శ్రద్ధతో చూడదగినది. పొట్టి తూటా కోసం రూపొందిన నమూనాను పొడవాటి తూటాకు సరిపడేలా మలచగా వచ్చిన ఆయుధం అది.

తూటా అంటే ఇత్తడి గొట్టం, అందులోని మందు, మూతిన బిగించిన గుండు కలిసినది. ఎస్సెల్లార్ తూటాకున్న 7.62×51 అనే గుర్తులో మొదటి అంకె గుండు మందాన్ని సుమారుగా, రెండవది గొట్టం పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. బెల్జియంలోని ఎర్‌స్టాల్ పట్టణపు ఎఫ్.ఎన్. కర్మాగారంలో డ్యూడొనే సైవ్ రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ రైఫిల్‌ను మొదట 33 మిల్లీమీటర్ల గొట్టమున్న జర్మన్ తూటాకు, తరువాత 43 మిల్లీమీటర్ల బ్రిటిష్ తూటాకు రూపొందించాడు. అయితే అమెరికా బలమైన తూటాకే పట్టుపట్టడంతో 1950ల నడుమ నాటో కూటమి 51 మిల్లీమీటర్ల గొట్టాన్ని ప్రమాణంగా స్వీకరించింది. అమెరికన్లకు అది తమ పాత 63 మిల్లీమీటర్ల తూటాను కుదించినది, బెల్జియం రూపకర్తకు మాత్రం తన నమూనాను సాగదీయించినది.

ఈ తుపాకీలో గుండు వెళ్లేటప్పుడు బ్యారెల్‌లోని వాయువు కొంత పైనున్న పిస్టన్‌ను తోస్తుంది. ఆ తోపుడుకు బోల్టు, అంటే తూటాను వెనుకనుంచి మూసి ఉంచే ఉక్కు దిమ్మె, తన వెనుక కొసను పైకెత్తుకొని తాళం విడిపించుకొని వెనక్కు జరుగుతుంది. ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోని మరో తూటాను లోపలికి నెడుతుంది. తూటా పొడవు పెరిగితే మ్యాగజైన్ వెడల్పు, బోల్టు వెనక్కు జరగవలసిన దూరం, దాన్ని మోసే ఉక్కు పెట్టె పొడవు అన్నీ పెరగాలి. మందు పెరిగినకొద్దీ భుజానికి తగిలే తాకిడి, దాన్ని భరించవలసిన భాగాల బరువు కూడా పెరుగుతాయి. అందుకే ఖాళీగానే నాలుగు కిలోలు దాటే ఈ తుపాకీతో ఏకధాటిగా కాలిస్తే గురి నిలవడం కష్టమైంది. దాంతో బ్రిటన్, భారతదేశం తమ రైఫిళ్లను మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే పేలేటట్లు, అంటే సెమీ ఆటోమేటిక్‌గా, తయారు చేసుకున్నాయి.

1962 యుద్ధానంతరం పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారైన 1ఎ1 ఎస్సెల్లార్ సైన్యం నుంచి క్రమంగా పోలీసు బలగాలకూ చేరింది. అంతకుముందు పోలీసుల చేతిలో ఉన్న త్రీనాట్‌త్రీ రైఫిల్ తూటా గొట్టం 56 మిల్లీమీటర్లు కనుక, బెల్జియంలో పొడవైందనిపించిన తూటా ఇక్కడి కానిస్టేబుల్‌కు పొట్టిగా కనిపించింది. రెండు తూటాల అడుగులనూ పక్కపక్కన చూస్తే త్రీనాట్‌త్రీకి వెలుపలికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, ఎస్సెల్లార్ తూటాకు అంచు గొట్టంతో సమంగా ఉండి, దాని పైన చుట్టూ గాడి ఉంటుంది. సమంగా ఉన్న అంచు వల్ల మ్యాగజైన్‌లో తూటాలు ఒకదానికొకటి తగులుకోకుండా సాఫీగా కదులుతాయి.

చెట్లు పలచగా ఉండే అనంతపురం మెట్ట మైదానంలో ఈ గుండు కిలోమీటర్ల దూరం పోగలదు కనుక, కాల్పుల శిక్షణకు లక్ష్యం వెనుక మట్టి గట్టో కొండో తప్పనిసరి. యుద్ధభూమిలో మేలైన ఆ దూరమే, జనసమ్మర్దంలో కనీస బలం వాడవలసిన పోలీసుకు భారమవుతుంది. తరువాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్ 45 మిల్లీమీటర్ల గొట్టమున్న, సుమారు సగం బరువైన తూటాను వాడుతుంది. అంటే సైవ్ మొదట ఎంచుకున్న చిన్న తూటా దిశకే లోకం మళ్లీ వచ్చింది. తూటాను నిర్ణయించేవారే తుపాకీ బరువును, తాకిడిని, దాని ముందు నిలిచే మనుషులకు కలిగే ప్రమాదాన్ని కూడా నిర్ణయిస్తున్నారు. కాబట్టి ఆ నిర్ణయం కూటముల పట్టుదలను బట్టి కాక, ఆయుధాన్ని ఎవరు, ఎక్కడ, ఎందుకు వాడతారన్న దాన్ని బట్టే జరగాలి.