పొగ చెప్పెడి సంగతి

యంత్రమునకు జబ్బుచేసినపుడు క్రొత్త భాగమును కొనుటకు ముందు కారణమును వెదకవలెనను నియమమును, ఈ మిషిగను రాష్ట్రమున మా ఇంటి గ్యారేజీలో కారు బానెట్టు ఎత్తిన ప్రతి పర్యాయమును నేను పాటించుచున్నాను. దానిని నాకు నేర్పినవారు భీమడోలు ప్రాంతపు ఆయిలింజను మెకానిక్కులు.

ఆ ప్రాంతమున మా ఊరికి ఉత్తరమున ద్వారకాతిరుమల మెట్ట, దక్షిణమున కొల్లేటి పల్లము. ఆ పల్లపు చేలకు నీరు పెట్టుటకును, చేపల చెరువులను తోడుటకును వాడిన లిస్టరు తరహా ఇంజనులు ఒకే సిలిండరును, బరువైన చక్రములను కలిగి, 6 అశ్వశక్తుల బలముతో నిమిషమునకు 650 చుట్లు తిరిగెడి నిదానపు యంత్రములు. డీకంప్రెషను మీటను ఎత్తి, హ్యాండిలుతో చక్రమునకు వేగమిచ్చి, మీటను విడిచినంతనే లోపలి గాలి అదుమబడి, ఆ వేడిమికే డీజిలు అంటుకొని ఇంజను అందుకొనును. అది సరిగా నడువనిచో మెకానిక్కు పానా చేతబట్టుటకు ముందు పొగగొట్టము వంక చూచెడివాడు. నల్లపొగ వచ్చినచో ఇంధనమునకు తగిన గాలి అందుటలేదనియో, నాజిలు చెడినదనియో, మోయలేని బరువు పడినదనియో; నీలిపొగ వచ్చినచో అరిగిన రింగుల సందున ఇంజనాయిలు ఎగబ్రాకి మండుచున్నదనియు; తెల్లపొగ వీడనిచో డీజిలు మండక ఆవిరియగుచున్నదనియో, నీరు లోనికి దిగుచున్నదనియో గ్రహించి, ఆ మీదటనే విప్పెడివాడు. చేను నీటికై ఎదురుచూచుచుండగా ఊహమాత్రముగా రింగులు మార్చి రైతు సొమ్మును, కాలమును వ్యర్థపరచుట తగదని అతని నిశ్చయము. అది కేవలము నేర్పు కాదు, ధర్మము కూడ అని నేను తలచెదను.

అమెరికాలో 1996 మోడలు మొదలుకొని అమ్మబడిన పెట్రోలు కార్లలో డ్యాష్‌బోర్డు క్రింద ఓబీడీ-2 సాకెట్టు కలదు. చిన్న స్కానరును దానికి తగిలించినచో దోషపు సంఖ్య కనబడును. ఈ సౌకర్యము గొప్పదే గాని ఆ సంఖ్య తెలుపునది లక్షణమునే, కారణమును గాదు. పీ0302 అనగా రెండవ సిలిండరున మంట సరిగా పడుటలేదని అర్థము. లోపము ప్లగ్గుదో, కాయిలుదో, ఇంజెక్టరుదో, కంప్రెషనుదో అది చెప్పజాలదు. ప్రతి సిలిండరునకు వేరు కాయిలున్న బండిలో రెండవదాని కాయిలును మూడవదానికి మార్చి నడిపి చూడవలెను: సంఖ్య పీ0303గా మారినచో దోషము కాయిలుతోపాటు కదలినదన్నమాట, మారనిచో ప్లగ్గును పరీక్షింపవలెను. పైసా వ్యయము లేని ఈ ఉపాయమును ఇంట బండి బాగుచేసికొనువారందరును మొట్టమొదట నేర్వవలెను.

ఇంట నూనె మార్చుకొనిన వారంటీ పోవునని మనవారు పలువురు భయపడుచుందురు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టమును అనుసరించి ఆ ఒక్క కారణముచే వారంటీని నిరాకరించుటకు వీలులేదు. రసీదులు దాచుకొనిన మంచిది. భయపడవలసినది జాకీ విషయమున: స్టాండ్లు పెట్టక, కేవలము జాకీపై నిలిచిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు.

ఇక కారణమును వెదకుట మాటకు వచ్చిన, ఇచ్చటనే ఉండు ఏలూరు మిత్రుడొకడు పీ0171 సంఖ్యతో, అనగా మిశ్రమమున గాలి హెచ్చయినదను సూచనతో, తన బండిని తెచ్చెను. ఒకచోట ఆక్సిజను సెన్సారును మార్చుమని చెప్పిరట; చూచినది చెప్పిన సాక్షిని మార్చినంతమాత్రాన నేరము పోవునా? ఐడిలింగున, గాలికి సరిపోవుటకై కంప్యూటరు అదనముగా ఇచ్చెడి ఇంధనపు సవరణ నూటికి 20కి పైబడియుండి, వేగము పెంచగా బాగుగా తగ్గుటను బట్టి, ఇంధనపు పంపు బలహీనత కాదు, ఇన్‌టేకు వైపున ఎచ్చటనో గాలి దూరుచున్నదని తోచెను. ఇంజను నాపి, ఇన్‌టేకులోనికి యంత్రముతో పొగ ఎక్కించితిమి. ఒక రబ్బరు గొట్టపు అడుగున, కంటికి కనరాని చీలికనుండి అది సన్నగా వెలికివచ్చెను. గొట్టము మార్చి, సంఖ్యను చెరిపి, మరల నడుపగా సవరణ సున్నకు చేరువై నిలిచెను. పాత సెన్సారే నేటికిని ఆ బండిలో పనిచేయుచున్నది.