300 పెద్దదే, మరి 250?

మెయిన్స్ ప్రశ్నలో ‘పోల్చండి’ అన్న మాట కనబడగానే మనలో చాలామందిమి రెండు నిలువు గడులు గీసి, ఇటు ఐదు పాయింట్లు, అటు ఐదు పాయింట్లు నింపేస్తాం. దేన్నిబట్టి పోలుస్తున్నామో ముందు తేల్చుకోవాలన్న సంగతి నాకు మా తమ్ముడి లెన్స్ వ్యవహారంలో బాగా బోధపడింది.

వాడు ఏలూరులో పెళ్లి ఫోటోలు తీసే ఒకాయన దగ్గర సహాయకుడు. కొల్లేరు పక్షుల్ని ఫోటో తీయాలని కోరిక. రెండు పెళ్లిళ్ల సీజన్లు కూడబెట్టిన 8,000 రూపాయలు చేతిలో ఉన్నాయి. ఆ డబ్బుకు రెండు పాత జూమ్ లెన్స్‌లు కుదిరాయి. ఒకటి 55–250 మిల్లీమీటర్లది, రెండోది 75–300. “300 అయితే ఇంకా దగ్గరగా వస్తుంది కదా అన్నయ్యా” అన్నాడు. ఎంపిక బెడిసికొడితే మళ్లీ అంత సొమ్ము పోగవడానికి ఏడాది పైనే పడుతుంది. అందుకని అమ్మేవాళ్లను అడిగి రెండూ రెండు రోజులకు తెచ్చుకున్నాం.

250తో పోలిస్తే 300 దగ్గర పక్షి 20 శాతం పెద్దగా కనిపిస్తుంది. లెన్స్ మీది అంకె చెప్పేది అంతవరకే. ఈకల గీతలు ఎంత విడివిడిగా వస్తాయో అది చెప్పదు.

మొదటి రోజు గోడకు దినపత్రిక అంటించాం. అదే కెమెరా, అదే ట్రైపాడ్, అదే వెలుతురు. చెయ్యి తగలకుండా టైమర్ పెట్టాం. రెండింటినీ చివరిదాకా జూమ్ చేసి ఎఫ్/5.6 దగ్గర తీస్తే, 300లో మూలల అక్షరాలు అలికినట్టు వచ్చాయి. ఎఫ్/8కి మారిస్తే రెండూ మెరుగుపడి తేడా తగ్గింది. కానీ ఎఫ్/8 దగ్గర లోపలికొచ్చే వెలుతురు సగమే. తెల్లవారుజామున అది ఖరీదైన బేరం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: 300లో అక్షరం పెద్దది కదా? అందుకే 250 ఫోటోను అదే పరిమాణానికి కత్తిరించి చూశాం. 24 మెగాపిక్సెళ్లలో దాదాపు 16.7 మిగిలాయి. అయినా ఎఫ్/5.6 దగ్గర ఎక్కువ అక్షరాలు చదవగలిగింది అందులోనే.

రెండో రోజు కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్లాం. పడవలో ట్రైపాడ్ నిలవదు. 250లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంది, 300లో లేదు. మా కెమెరా మీద 300 అంటే 480తో సమానం. అలాంటప్పుడు వణుకు కనబడకుండా ఉండాలంటే సెకనులో 500వ వంతు వేగమైనా కావాలి. కదలకుండా కూర్చున్న గూడబాతుల్ని 250 సెకనులో 125వ వంతు దగ్గరే స్పష్టంగా పట్టింది. ఎగిరే కొంగల దగ్గర మాత్రం ఆ ఏర్పాటు అక్కరకు రాలేదు. రెక్కల కదలికను అది ఆపలేదు కాబట్టి రెండింటికీ సెకనులో 1,000వ వంతు వేగం కావాల్సి వచ్చింది. ఎండ ఎక్కాక నీటి మీది వేడిగాలికి రెండు లెన్స్‌లూ మసకబారాయి. ఆ ఫోటోల్ని లెక్కలోంచి తీసేశాం. అది గాలి దోషం, గాజుది కాదు.

తమ్ముడు 250 కొన్నాడు. మా తీర్పు వాడి పనికి సంబంధించినది: ఉదయపు వెలుతురు, చేత్తో పట్టుకోవడం, కూర్చున్న పక్షులు. ఎవరైనా ట్రైపాడ్ వేసుకుని మంచి ఎండలో ఎఫ్/8 దగ్గర తీసేవారైతే తేడా బాగా తగ్గుతుంది, వారు 300 తీసుకున్నా నష్టం లేదు.

జవాబులో కూడా ఈ వరుసే పనికొస్తుంది. ముందు ప్రమాణం చెప్పండి, తర్వాత పరిస్థితుల్ని సమానం చేయండి, చివర తీర్పు ఏ షరతుల మీద నిలుస్తుందో రాయండి. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిందన్న వాస్తవం మార్కు తెస్తుంది. దాన్ని మరో చిత్తడి నేలతో దేన్నిబట్టి పోలుస్తున్నారో చెప్పగలిగితేనే అది విశ్లేషణ అవుతుంది.

అభ్యాసానికి: రెండు రాష్ట్రాల అక్షరాస్యతను పోల్చేటప్పుడు ఏయే పరిస్థితులను సమానం చేసి చూడాలి? 150 పదాల్లో రాయండి.