కొల్లేరు నుంచి బివాకు

జపాన్‌కు బయల్దేరే విద్యార్థి బృందంలో హడావుడి అంతా కాగితాల చుట్టూనే తిరుగుతుంది. పాస్‌పోర్టులు, తల్లిదండ్రుల సంతకాలు, చెన్నైలోని జపాన్ కాన్సులేటుకు చేరాల్సిన వీసా దరఖాస్తులు. ఉపాధ్యాయులు అవన్నీ ఎలాగోలా పూర్తిచేస్తారు. ఏలూరు, తాడేపల్లిగూడెం పిల్లలకైతే ఇంకో పని కూడా ఉంది. వెళ్లేలోపు కొల్లేరు సరస్సును తీరిగ్గా చూసి రావాలి.

జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ 2014లో సకురా సైన్స్ కార్యక్రమం మొదలుపెట్టాక, మన దేశంలో ఇన్‌స్పైర్ ప్రాజెక్టులతో జాతీయ స్థాయికి చేరిన బడిపిల్లలూ ఆ దేశం వెళ్లివస్తున్నారు. ఉన్న నాలుగు రోజుల్లో ఏం నేర్చుకుంటారన్నది ఇక్కడ పడ్డ పునాదిని బట్టే ఉంటుంది.

భాష సంగతికొస్తే తెలుగు పిల్లలు బెంగపడాల్సిన పనిలేదు. జపనీయుల అక్షరాల పట్టిక అ, ఇ, ఉ, ఎ, ఒ అంటూ మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ వరుసల్లో సాగుతుంది. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత అక్షర విద్యే ఆ వరుసకు మూలం. వాక్యం ఇంకా దగ్గర. ‘కొల్లేరుకి బస్సులో వెళ్తాను’ అనాలంటే ‘కోరేరు ని బసు దె ఇకిమాసు’ అంటే చాలు. ‘కి’ ఉన్నచోట ‘ని’, ‘లో’ ఉన్నచోట ‘దె’, చివర్లో క్రియ. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లు కిందామీదా పడే ఈ సంగతి తెలుగులో నేరుగా చెబితే ఒక్క పూటలో పట్టుబడుతుంది. జపనీయులకు ‘ల’ లేదు కాబట్టి ఏలూరు కాస్తా ‘ఏరూరు’ అవుతుంది. కష్టమల్లా కంజీ లిపి దగ్గరే. నిత్య వ్యవహారానికి అక్కడి ప్రభుత్వం ఖరారు చేసినవే 2,136. వాటిని తర్వాత చూసుకోవచ్చు. హిరగానా అనే పై అక్షరాలు వస్తే రైల్వేస్టేషన్ల పేర్లు చదువుకోవచ్చు.

ఇక కొల్లేటి పిల్లలు అక్కడ చూడాల్సిన సరస్సు బివా. క్యోటో పక్కనే షిగా రాష్ట్రంలో ఉన్న ఈ సరస్సు జపాన్‌లోకెల్లా పెద్దది, సుమారు 670 చదరపు కిలోమీటర్లు. 1993లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. కొల్లేరు 2002లో ఎక్కింది. 1977లో బివా నీళ్లు ఎర్రబారి కంపుకొట్టాయి. బట్టలుతికే పొడుల్లోని ఫాస్ఫరస్ కూడా అందుకు కారణమని తెలిశాక గృహిణులు వాటిని మానేసి మామూలు సబ్బుకు మళ్లారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. చివరికి 1979లో షిగా ప్రభుత్వం అలాంటి పొడుల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధిస్తూ శాసనం చేసింది. 1983 నుంచి అక్కడి అయిదో తరగతి పిల్లలు ‘ఉమినోకో’ అనే ఓడ మీద రాత్రి బసచేసి తమ సరస్సు గురించి నేర్చుకుంటున్నారు. ఎంత మంచి ఏర్పాటు!

ఆ పిల్లల ఎదుట కూర్చున్నప్పుడు ఏలూరు విద్యార్థి దగ్గర సొంత సరుకుండాలి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేట్లోకి ఎలా చేరతాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి ఎలా పోతాయి, 2006లో చేపల చెరువుల గట్లు ఎందుకు కొట్టేశారు, ఆ చెరువుల మీద బతికిన కుటుంబాల గోడేమిటి? కైకలూరు పక్కన ఆటపాకకు శీతాకాలంలో వెళితే చెట్ల మీదా, పక్షుల కోసం నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లలను సాకడం దగ్గరగా కనిపిస్తుంది. దోనె నడిపే పెద్దాయన్ని పలకరిస్తే ఏ చేప తగ్గిపోయిందో, ఎప్పటినుంచి తగ్గిందో చెబుతాడు. అవి నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవాలి.

తిండి దగ్గరా ఇంతే. బివా చేపను ఉప్పులో ఊరేసి, ఆపైన అన్నంలో నెలల తరబడి పులియబెట్టే వంటకం ఫునాజుషి. ఆ ఘాటు కొత్తవాళ్లకు తొందరగా పడదు. ఇంట్లో ఎండుచేపల కూర వాసన ఎరిగిన కొల్లేటి పిల్లలు ముక్కు మూసుకోకుండా ఒక ముక్క తిని, ‘ఇది మీ ఇంట్లో ఎవరు పెడతారండీ?’ అని జపనీస్‌లో అడగాలి. ఆ ఒక్క ప్రశ్నా బయల్దేరేలోపు తప్పకుండా సాధన చేయించాలి.